రెండు గేట్ల మధ్య

చిన్నీ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. నల్లగండ్లలో కుక్కల డే కేర్‌లో నీకు ఉద్యోగం వచ్చిందని, వచ్చే సోమవారం చేరుతున్నావని చెప్పింది. "డిగ్రీ చదివించింది కుక్కల్ని కాయడానికా" అని మీ నాన్న కంచం ముందు నుంచి లేచిపోయాడట. బావగారితో నేను మాట్లాడతాను, అది నాకు వదిలెయ్. ఈ పని పదకొండేళ్లు చేసి, మోకాళ్లు ఇక సహకరించక మానేశాను కాబట్టి నా మాట కాస్త వింటారు. నీకు చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ఇంటర్వ్యూలో "కుక్కలంటే ఇష్టమేనా" అని అడిగితే "ప్రాణం" అన్నావట. నేనూ అదే అన్నాను. చేరిన మొదటి రోజు ఒక ల్యాబ్ పప్పీ వచ్చి ఒళ్లో ఎక్కింది. దాని చెవులు నిమురుతూ ఐదు నిమిషాలు కూర్చున్నాను. ఆ ఐదు నిమిషాల్లో నా వెనకాల ఒక హస్కీ ప్లాస్టిక్ తొట్టిని కొరికి ముక్కలు చేసింది, ఒక బీగిల్ ఇంకోదాని మలం తినేసింది, ఒక పామేరియన్ బల్ల కింద ఇరుక్కుని వణుకుతోంది. ఇవేవీ నాకు తెలియవు. ఇష్టం ఉన్నవాళ్లకు ఒక కుక్కే కనిపిస్తుంది చిన్నీ. మనకు జీతం ఇచ్చేది అన్నింటినీ చూసినందుకు. అందుకని ఆట స్థలంలో ఎప్పుడూ కూర్చోవద్దు. గది మొత్తం కనిపించే మూల చూసుకుని, వీపు గోడవైపు పెట్టి నిలబడు. కాసేపటికోసారి తలలు లెక్కపెట్టు. ఫోన్ లాకర్లో పెట్టెయ్.

ఇప్పుడు గేటు సంగతి. దీని గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను చూసిన ప్రమాదాల్లో సగం గేటు దగ్గరే జరిగాయి.

పొద్దున ఎనిమిది నుంచి పది వరకు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు, అసలు పని ఆ నాలుగు గంటల్లోనే ఉంటుంది. గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసులకు వెళ్లేవాళ్లంతా ఒకేసారి వస్తారు. కారు ఇంజిన్ ఆపకుండానే కుక్కను దింపేవాళ్లు కొందరు. లోపలికొచ్చి దానికి టాటా చెబుతూ పది నిమిషాలు నిలబడేవాళ్లు కొందరు. సోమవారం అయితే మరీను. రెండు రోజులు ఇంట్లో ముద్దు చేయించుకుని వచ్చిన కుక్కలు కాబట్టి ఒక్కటీ నేల మీద నిలబడదు. గేటు చప్పుడైతే చాలు, లోపలున్నవన్నీ అక్కడికే పరుగెత్తుతాయి.

నువ్వు చేరే చోట రెండు గేట్లు ఉన్నాయో లేదో మొదటి రోజే చూడు. బయట ఒకటి, లోపల ఒకటి, మధ్యలో మనిషి, కుక్క నిలబడేంత జాగా ఉండాలి. ఒకటి మూసుకుంటేనే ఇంకోటి తెరవాలి. ఇది అందరికీ తెలిసిన విషయమే, నాకూ తెలుసు. అయినా చేరిన మూడో నెలలో ఏం జరిగిందో విను. ఒకాయన తన బీగిల్‌ను నా చేతికిచ్చి వెళ్తూ, టిఫిన్ డబ్బా మర్చిపోయానని మళ్లీ వెనక్కి వచ్చాడు. డబ్బా అందుకున్నాను. బయటి గేటు ఆయన వేసుకుంటాడని నేను, నేను వేస్తానని ఆయన అనుకున్నాం. బీగిల్ మెడలో బెల్టు వదులుగా ఉంది. ఒక్కసారి తల వెనక్కి లాగింది, బెల్టు నా చేతిలో మిగిలింది, కుక్క రోడ్డు మీద ఉంది.

నేను దాని వెనక పరుగెత్తాను. ఎవరైనా అదే చేస్తారు, చేయకూడనిదీ అదే. మనం వెంటపడితే దానికి అది ఆట, లేదా భయం. ఏదైనా ఇంకా వేగంగా పోతుంది. అది మెయిన్ రోడ్డు దాకా వెళ్లింది. ఒక ఆటో అతను సడన్ బ్రేకు వేసి దాన్ని బతికించాడు. అప్పుడు మా సీనియర్ అక్క వచ్చి నన్ను అక్కడే ఆపేసి, తను దానికి వీపు పెట్టి, బిస్కెట్ల డబ్బా గలగలలాడిస్తూ ఇటువైపు నడవడం మొదలుపెట్టింది. పది అడుగులు నడిచి ఫుట్‌పాత్ మీద గొంతుకు కూర్చుంది. బీగిల్ తనంతట తనే వచ్చి ఆమె మోకాలు వాసన చూసింది. అప్పుడు కూడా చెయ్యి ఎత్తి లాక్కోలేదు, మెల్లగా లీష్ తగిలించింది. ఆ రోజు ఇంటికొచ్చి నేను అన్నం తినలేదు.

అప్పటి నుంచి నేను పాటించింది ఇది. కుక్కను అందుకోగానే యజమాని బెల్టును నమ్మకుండా మన స్లిప్ లీష్, అంటే లాగితే బిగుసుకునే ఉచ్చు తాడు, మెడకు వేసి తీరాలి. బయటి గేటు గొళ్లెం టక్కున పడ్డ చప్పుడు చెవికి వినబడాలి, ఆ తర్వాతే లోపలి గేటు గొళ్లెం మీద చెయ్యి. ఆ సమయంలో ఎవరు ఏం అడిగినా, సార్ అడిగినా, "ఒక్క నిమిషం" అను. కోపం తెచ్చుకునేవాళ్లు తెచ్చుకుంటారు.

లోపలికి పంపేటప్పుడు ఇంకో జాగ్రత్త. కొత్త కుక్కను గుంపులోకి ఒక్కసారిగా వదలొద్దు. పదిహేను ముక్కులు ఒకేసారి మీదపడితే ఎంత నెమ్మదైన కుక్కైనా పళ్లు చూపిస్తుంది. ముందు గుంపును లోపలి గదిలోకి పంపించు. నిదానంగా ఉండే పెద్ద కుక్క ఒకటి ప్రతి డే కేర్‌లోనూ ఉంటుంది, దాన్ని ఒక్కదాన్నే ముందు కలవనివ్వు. మా దగ్గర మూడు రంగుల దేశవాళీ ఆడకుక్క ఉండేది. ఎవరో రోడ్డు మీద నుంచి తెచ్చి పెంచుకున్నది. కొత్తవాటిని అలవాటు చేయడంలో అది నాకంటే తెలివైనది, ఆ మాట నిజంగా అంటున్నాను. లోపలికి వెళ్లాక బెల్టులు తీసేయి. ఆడుకుంటూ ఒకటి ఇంకోదాని మెడ కొరికినప్పుడు కింది దవడ దాని బెల్టులో ఇరుక్కుంటుంది. రెండూ భయపడి గింజుకుంటే ఒకదానికి దవడ విరగొచ్చు, ఇంకోదానికి ఊపిరాడకపోవచ్చు.

కొట్లాటల గురించి మీ అమ్మకు చాలా టెన్షన్‌గా ఉంది. మొరిగే గోలకు నువ్వు మూడు రోజుల్లో అలవాటు పడతావు. జాగ్రత్తగా వినాల్సింది, గోల ఉన్నట్టుండి ఆగిన చోట. రెండు కుక్కలు కదలకుండా, మూతి మూసుకుని, ఒళ్లు కర్రలా బిగించి నిలబడితే నీ దగ్గర ఉన్నది రెండు మూడు సెకన్లే. తోక ఊపుతోంది కదా అని మోసపోవద్దు. పైకి నిటారుగా లేచి, చిన్నగా, వేగంగా ఆడే తోక స్నేహం చేసేది కాదు. తల అటు తిప్పి కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం, ఆకలి లేకుండానే పెదాలు నాకడం, నిద్ర రాకుండానే ఆవలించడం, ఇవన్నీ "నన్ను వదిలెయ్" అని అది చెప్పే మాటలే. ముందుకాళ్లు నేలకు ఆనించి వెనకభాగం పైకెత్తితే మాత్రం ఆటకు పిలుస్తోందని అర్థం. ఆటలో ఒకటి తరిమితే కాసేపటికి రెండోది తరుముతుంది. ఎప్పుడూ ఒకటే తరుముతూ, ఒకటే పారిపోతుంటే దాన్ని ఆట అనుకోవద్దు, ఆపు.

గుర్రుమన్నందుకు ఏ కుక్కనూ కొట్టొద్దు, అరవొద్దు. గుర్రుమనడం అది మనకిచ్చే హెచ్చరిక. తిట్టి తిట్టి దాన్ని మాన్పించామనుకో, తర్వాత హెచ్చరిక లేకుండా కరవడమే మిగులుతుంది.

నిజంగా పట్టుకున్నాయా, మధ్యలో చెయ్యి పెట్టకు. మెడ పట్టుకుని లాగాలనిపిస్తుంది, ఆ క్షణంలో అది వెనక్కి తిరిగి నీ చేతినే కరుస్తుంది, అది నీ చెయ్యని కూడా దానికి తెలియదు. పెద్ద చప్పుడు చెయ్, స్టీలు పళ్లెం నేలకేసి కొట్టు, పైపుతో మొహం మీద నీళ్లు కొట్టు, ప్లాస్టిక్ కుర్చీనో అట్టముక్కనో మధ్యలోకి తొయ్. ఇద్దరుంటే చెరొక కుక్క వెనక తొడలు పట్టుకుని, రెండింటినీ ఒకేసారి వెనక్కి నడిపించాలి. పళ్లు దిగి ఉన్నప్పుడు గుంజితే కండ చీరుకుపోతుంది, వదిలాకే లాగాలి. విడిపోయాక రెండింటినీ వేరు గదుల్లో పెట్టి, బొచ్చు విడదీసి ఒళ్లంతా వేలితో తడిమి చూడు. కుక్క పంటి గాటు పైకి చిన్న చుక్కలాగే కనిపిస్తుంది, లోపల లోతుగా ఉంటుంది.

ఈ చుక్క దగ్గరే నేను చేసిన తప్పు చెప్పాలి. మీ అమ్మకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

ఒక షిట్జూ ఉండేది. పిల్లలు అమెరికా వెళ్తూ తల్లి దగ్గర వదిలి వెళ్లిన కుక్క. ఆవిడకు డెబ్బై దాటాయి, దాన్ని నడిపించే ఓపిక లేక వారానికి మూడు రోజులు మా దగ్గరకు పంపేది. ఒకరోజు మధ్యాహ్నం దాన్ని ఇంకో కుక్క మెడ దగ్గర ఒక్కసారి పట్టి వదిలేసింది. చూశాను. రక్తం లేదు, ఆవగింజంత గాటు. తుడిచి, మందు రాసి, సాయంత్రం ఆవిడకు ఏమీ చెప్పకుండా ఇచ్చేశాను. గొడవ చేస్తారేమో, ఉద్యోగం పోతుందేమో అని భయం. మూడో రోజుకు మెడ వాచి చీము పట్టింది. ఆస్పత్రిలో కోసి శుభ్రం చేశారు. ఆవిడ డే కేర్‌కు వచ్చి నా మీద అరవలేదు. "అదే రోజు చెప్పి ఉంటే ఆ రాత్రే చూపించుకునేదాన్ని కదమ్మా" అంది, అంతే. మళ్లీ ఆ కుక్కను పంపలేదు. అది కోలుకుంది కానీ, ఆవిడ ఆ మాట అన్న తీరు నాకింకా చెవిలో ఉంది.

అందుకే చిన్నీ, ఏం జరిగినా ఆ సాయంత్రమే చెప్పు. చెప్పేముందు ఫోటో తీసిపెట్టు, ఎన్నింటికి జరిగింది, ఏం చేశావు రాసిపెట్టు. మీ మేనేజర్ "ఇప్పుడెందుకులే" అంటే, నా మాటగా, వినకు.

పేర్ల సంగతి మీ మేడమ్ కూడా చెప్పరు, నేను చెప్తున్నాను. బ్రూనో అని పిలిస్తే నాలుగు కుక్కలు వస్తాయి. సింబాలు, కోకోలు, లక్కీలు కూడా అంతే. మా దగ్గర ఒక బ్రూనోకు మూర్ఛ మాత్ర వేయాల్సి ఉంటే, కొత్తగా చేరిన అబ్బాయి ఇంకో బ్రూనోకు వేశాడు. ఆ రోజంతా అది తూలుతూ పడుకుంది, రెండోదానికి మాత్ర పడలేదు. రెండింటికీ డాక్టరు పర్యవేక్షణ కావాల్సి వచ్చింది. మాత్ర, డబ్బా, బెల్టు, మూడింటి మీదా కుక్క పేరుతో పాటు ఇంటి పేరు, జాతి, రంగు రాసిన చీటీ అంటించు. వేసిన వెంటనే బోర్డు మీద టైము రాయి.

టిఫిన్ డబ్బాలు తెరిచి చూడకుండా పెట్టొద్దు. ప్రేమతో ఏవేవో పంపుతారు. కుక్క పుట్టినరోజని కిస్మిస్ వేసిన సేమియా పాయసం, ముందురోజు మిగిలిన బిర్యానీ, చాక్లెట్ కేకు. ద్రాక్ష, కిస్మిస్ కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఉల్లి, వెల్లుల్లి రక్తాన్ని పాడుచేస్తాయి. చాక్లెట్ గుండెకు ప్రమాదం. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో తీపి కోసం వేసే జైలిటాల్ అయితే కొద్దిగా తిన్నా ప్రాణం మీదికి వస్తుంది. తిండి ఎప్పుడూ విడివిడిగా, తలుపు వేసిన చోట పెట్టు. తిన్నాక కనీసం గంటసేపు పరుగులు వద్దు. గ్రేట్ డేన్, డాబర్మన్, జర్మన్ షెపర్డ్ లాంటి లోతైన ఛాతీ ఉన్నవాటికి కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంటుంది. పొట్ట బిగిసి, కక్కబోతూ ఏమీ రాకపోతే యజమాని ఫోన్ ఎత్తేదాకా ఆగకు, కారెక్కించు.

మన హైదరాబాద్ ఎండ నీకు తెలుసు, ఖమ్మం నుంచి వచ్చినదానివి. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు నుంచి ఐదు దాకా బయటి ఆట ఉండకూడదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దారి. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కువాటికి ఆ దారి కూడా ఇరుకే. మామూలుగా వాటి ఒళ్లు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే ప్రమాదం. నాలుక ముదురు ఎరుపెక్కి, జొల్లు చిక్కబడి, నడక తూలితే నీడకు మార్చి మామూలు నీళ్లు ఒంటి మీద పోస్తూ ఫ్యాను పెట్టు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లు. కంగారులో ఐసు ముక్కలు పెట్టొద్దు. వానాకాలంలో నిలిచిన నీళ్లు తాగనివ్వకు, ఎలుకల మూత్రం కలిస్తే లెప్టోస్పైరోసిస్ వస్తుంది, అది మనుషులకు కూడా సోకుతుంది. గోమార్ల కోసం చెవుల లోపల, వేళ్ల మధ్య రోజూ చూడు. చిగుళ్లు తెల్లబడినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా గోమార్ల జ్వరమేమో అని అనుమానించాలి.

పప్పీకి టీకాల కోర్సు పూర్తయిందని కార్డు చూపించందే గుంపులోకి వద్దు. పప్పీల ప్రాణాలు తీసే పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్ వాసనతో పోదు, బ్లీచ్ కావాలి. ఆ బ్లీచ్‌ను మూత్రం మీద నేరుగా పోయకు, ముందు నీళ్లతో కడుగు. లేకపోతే వచ్చే ఘాటుకు నీకే ఊపిరాడదు.

పండుగలప్పుడు మనకు సెలవు ఉండదు, అది ముందే మనసులో పెట్టుకో. సంక్రాంతికి సగం నగరం ఊళ్లకు పోతుంది, వాళ్ల కుక్కలన్నీ మన దగ్గరే. మొదటి రాత్రి చాలా కుక్కలు తినవు, తలుపు వైపే చూస్తూ పడుకుంటాయి. యజమాని వాడిన పాత చొక్కా ఒకటి ఇమ్మని అడిగి పక్కలో వెయ్, ఆ వాసనకు కాస్త కుదుటపడతాయి. వినాయక నిమజ్జనం డీజేలకు, దీపావళి టపాసులకు ఎంత మంచి కుక్కైనా గోడ దూకుతుంది. ఆ రోజుల్లో చీకటి పడకముందే అన్నింటినీ బయటికి తిప్పి, లోపలి గదుల్లో ఉంచి, కిటికీలు మూసి, ఫ్యానో టీవీయో గట్టిగా పెట్టు.

నీ ఒంటి సంగతి. చున్నీ వద్దు, జుంకాలు వద్దు, వేలాడేది ఏదీ వద్దు. జారని బూట్లు కొనుక్కో, సొంత డబ్బుతోనైనా సరే. పెద్ద కుక్క నీ వైపు పరుగెత్తి వస్తుంటే మోకాళ్లు కాస్త వంచి నిలబడు. నిటారుగా బిగదీసుకున్నందుకే నా కుడి మోకాలు పోయింది. ఒక మనిషికి పది, మహా అయితే పదిహేను కుక్కలు. ముప్పై కుక్కలకు నిన్నొక్కదాన్నే నిలబెడితే, ఎంత జీతం ఇచ్చినా, అక్కడ ఉండకు. ఇంకో చోటు నేను చూపిస్తాను.

చేరేముందే రేబిస్ టీకా మొదలుపెట్టాలి, ఇందులో నీ ఇష్టం లేదు. కాటు పడకముందు వేసుకునేవి మూడు డోసులు, మొదటిది వేసుకున్నాక ఏడు రోజులకు రెండోది, మొదటిదాని నుంచి 21 లేదా 28 రోజులకు మూడోది. రేబిస్ లక్షణాలు కనబడ్డాక మనిషిని బతికించడం దాదాపు జరగని పని. కరిచినా, గీరి రక్తం వచ్చినా, కుక్కకు టీకాలున్నా సరే, ముందు పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడుగు. గడియారం చూసి కడుగు, పదిహేను నిమిషాలు మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. పసుపు, కారం, కాఫీ పొడి ఏవీ పెట్టకు. తర్వాత అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లు. ముందుగా టీకా వేసుకున్నవాళ్లకు మళ్లీ రెండు డోసులతో సరిపోతుంది. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో కుక్కకాటు టీకా వేస్తారు. నేను రెండుసార్లు వెళ్లాను.

ఈ ఆదివారం పొద్దున ఖాళీ పెట్టుకో. కొండాపూర్‌లో 2018లో జీహెచ్‌ఎంసీ తెరిచిన డాగ్ పార్కు ఉంది కదా, ఏడింటికి అక్కడికి రా. ఏ కుక్కనూ ముట్టుకోకుండా గంటసేపు బెంచీ మీద కూర్చుని చూద్దాం. ఏది ఆట, ఏది బెదిరింపు, ఏది వెళ్లిపోవాలనుకుంటోంది, నువ్వు చెప్పు, నేను వింటాను. అక్కడి నుంచి నేరుగా క్లినిక్‌కు వెళ్లి మొదటి డోసు వేయించుకుందాం. ఆధార్ కార్డు తెచ్చుకో. నా స్లిప్ లీష్ ఒకటి బీరువాలో దాచి ఉంచాను, మెత్తగా నలిగి చేతికి బాగా వస్తుంది. అది నీకిస్తాను.

మీ పిన్ని